ఆరని ముఖం

పదమూడో వారం

...ముక్కు కాదు. ముక్కు నిన్నటి చోటే ఉంది. కదిలింది కన్ను. ఎడమ కన్ను. నిన్న తలుపు గొళ్లెం పెట్టేటప్పుడు అది కనుబొమకు దగ్గరగా ఉంది, తన పని తాను చూసుకుంటున్నట్టు. ఇప్పుడు వడ్లగింజ మందాన కిందికి దిగింది. పెదవి కొస కూడా దిగింది. నిన్నటి ముఖం నవ్వబోయి మానుకున్న మనిషిది. ఇవాళ్టిది ఏడవబోయి మానుకున్న మనిషిది. లేక నిన్ననే ఇట్లా వేశాడా? నిన్న తాను చూసింది పలక మీద ఉన్న ముఖాన్నా, వెయ్యాలనుకున్న ముఖాన్నా? తన చేత్తో చేసినదాన్ని మనిషి అప్పటికప్పుడు చూడలేడు. చెయ్యాలనుకున్నదే కనబడుతుంది. ఒక నిద్ర అయ్యాక గానీ చేసింది కనబడదు.

చెన్నకేశవరావు కుంచె కింద పెట్టాడు. తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు.

గురువారం. పొద్దు ఇంకా ఎదురింటి గోడ దాటలేదు, అప్పుడే గదిలో ఉక్క మొదలైంది. చైత్రంలో మార్కాపురం గాలికి పలకల గనుల దుమ్ము తోడొస్తుంది. తలుపులు ఎంత బిగించినా అది సన్నగా వచ్చి తడి రంగు మీద కూర్చుంటుంది. రోజూ పొద్దున్నే ఆ నల్లటి నలుసుల్ని కుంచె కొసతో ఏరడం అతనికి ఒక నిత్యపూజ అయిపోయింది. ఇరవై రోజులుగా ఏరుతున్నాడు. ఇరవై రోజులుగా ముఖం మారుతోంది.

దీనికంతా మూలం మేనత్త సుబ్బరత్నమ్మ మొక్కు. ఆమె అతనికి అత్త రెండు విధాలా: తండ్రి రామలింగయ్యకు చెల్లెలు, గిద్దలూరులో ఉంటుంది, తన ఇద్దరు కూతుళ్లనూ ఒకరి తర్వాత ఒకరిని ఇతనికే ఇచ్చింది. పెద్దది తులసి కాన్పులో పోయి నాలుగేళ్లయింది. ఏడాది తిరగకుండానే చిన్నది నాగమణిని తెచ్చి అవే పీటల మీద కూర్చోబెట్టారు. నాగమణికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది, అయిదో నెల. ముత్తయిదువగా పోయింది కనుక తులసి ఆ ఇంటికి పేరంటాలు. ఇంట్లోకి ఏ కొత్త చీర వచ్చినా ముందు ఆమెకు పెట్టి, పసుపూ కుంకుమా చల్లి, ఆ తర్వాతే నాగమణి కట్టుకోవాలి. ఇన్నాళ్లూ చెంబు మీద కొబ్బరికాయ నిలబెట్టి దానికే చీర చుట్టారు. "ముఖం లేనిదానికి పెడితే దానికెట్ల ముడతాది నాయనా? నా బిడ్డ అలిగింది. అందుకే చిన్నదాని కడుపు నిలవనీలేదు. దాని ముఖం చేయించు. దాని ముందర చీర పెడతానని మొక్కినా" అంది సుబ్బరత్నమ్మ.

చేయించడానికి ఫోటో లేదు. ఉన్నది ఒక్కటే. పెళ్లిలో కంభం నుంచి వచ్చిన ఫోటోలు తీసే ఆయన కదలొద్దన్న క్షణంలోనే ఎవరో పిలిస్తే తులసి తల తిప్పింది. నగలన్నీ ఒక్కొక్కటిగా కనబడతాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి పొగ.

"నేనే వేస్తా" అన్నాడు చెన్నకేశవరావు. ఎందుకన్నాడో ఆ రోజు తనకు తెలుసు. ఇవాళ ఇంకా బాగా తెలుసు.

అతనికి తులసి ముఖం గుర్తు లేదు.

ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరికైనా ఎట్లా చెబుతాడు? పోకముందు రెండేళ్లు కాపురం చేసిన మనిషి. అంతకుముందు మేనత్త కూతురు, పరికిణీ కట్టుకున్నప్పటి నుంచి తెలిసిన మనిషి. మిగతావన్నీ ఉన్నాయి. మణికట్టు మీద పెనం కాలిన మచ్చ ఉంది. చారు రుచి చూసి నాలుక అంగిట్లో కొట్టే చప్పుడు ఉంది. వెనక నుంచి చూస్తే జడ పక్కన మెడ మీది నూగు ఉంది. ముందుకు తిరగమంటే మాత్రం తిరగదు. తిరిగేలోపల ఏడేళ్ల పిల్లవుతుంది, పన్నెండేళ్ల పిల్లవుతుంది, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి చివరికి ఆ ఫోటోలోని పొగ. వెయ్యడం మొదలుపెడితే చేతికైనా గుర్తొస్తుందనుకున్నాడు. చిన్నప్పుడు మరిచిపోయిన ఎక్కం, చెయ్యి రాస్తూ పోతే అచ్చు అట్లాగే వచ్చేసేది.

గుంటూరు నుంచి రంగుల గొట్టాలు తెప్పించాడు. వెయ్యడానికి గుడ్డ ఎట్లా బిగించాలో తెలియక, తెలిసినవాళ్ల గనిలో రెండడుగుల పలక ఒకటి నున్నగా అరగదీయించి, తెల్ల రంగు పూయించి తెచ్చుకున్నాడు. ఊరంతా పలకలే ఉన్న చోట గుడ్డ ఎవరికి తడుతుంది? పోలిక కోసం నాగమణిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. అక్కచెల్లెళ్లది ఒకే ముద్ర అని అందరూ అంటారు గదా.

రేపు శుక్రవారం. రేపు పొద్దున అత్త పూజ చేస్తుంది. రేపటికి పలక మీద తులసి ఉండాలి.

"కూర్చోనా?"

నాగమణి వచ్చింది. అక్క చీర కట్టుకుంది, మడతల్లో ఇంకా కలరా ఉండల వాసన. కిటికీ పక్కన పీట ఎత్తున్న చిన్న స్టూలు మీద ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని కూర్చుంది. పలక వెనకవైపు మాత్రమే ఆమెకు కనబడుతుంది. ఇరవై రోజుల్లో ఒక్కసారైనా ఇటువైపు రానివ్వలేదు అతను. కడుపుతో ఉన్నది పూజ కాకముందే పేరంటాలి ముఖం చూడకూడదని చెప్పాడు. అట్లాంటి ఆచారం ఎక్కడా లేదు, అప్పటికప్పుడు పుట్టించాడు. అత్త అది విని, "అవును, మా అవ్వ గూడ అనేది" అని తలూపింది. ఆచారాలు ఇట్లాగే పుడతాయేమోనని ఆ రోజు నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"కొంగు అక్క ఎట్ల దోపుకునేది? ఎడమకా, కుడికా?"

"కుడికి."

"అది గుర్తుండాదే మీకు!"

అతను రంగు కలుపుతూ తల ఎత్తలేదు. "మెడ కొంచెం ఇటు."

"ఎటు? మెడ పట్టేసింది. మనిషిని వేస్తాండారా, గోడకు మేకు కొడతాండారా?"

"మాట్లాడితే పెదవి కదులుతాది."

"పెదవి కదపకుండా బతికిందా మా అక్క? దానంత వాగుడుకాయ గిద్దలూరు తాలూకా మొత్తంలో లేదు. నా చెవులు దానికంటే పెద్దవి బావా. తగ్గించి వేసినారా లేదా? రేపు అమ్మ చూసి, ఏందిది, నా బిడ్డకు చేటలు తగిలించినావని అంటాది."

అతను ఆమె చెవుల్ని చూశాడు. పెద్దవే. ఎంత పెద్దవో కూడా తెలుసు. పై అంచు ఎక్కడ మడత పడుతుందో, ఎండలో ఎక్కడ ఎర్రబడుతుందో తెలుసు. మూడేళ్ల కాపురంలో తెలియనివి ఈ ఇరవై రోజుల్లో తెలిశాయి. పెళ్లయిన కొత్తల్లో ఆమె ముఖం వైపు చూడాలంటే భయం వేసేది, ఎక్కడ దాంట్లో తులసి కనబడుతుందోనని. ఆ భయం అలవాటై, చూడకపోవడమే అలవాటైంది. భోజనం వడ్డించే చెయ్యి, గడప దాటే పాదం, వీపు. ఇప్పుడు చూడక తప్పని పని పెట్టుకుని, చచ్చిన మనిషిని వెతుకుతూ పోయి, బతికున్న మనిషిని చూస్తున్నాడు. చూడాలనిపిస్తోంది. రోజూ తెల్లవారగానే ఎప్పుడు ఆమె వచ్చి కూర్చుంటుందా అని ఉంటోంది. దాన్ని ఏమనాలో అతనికి తెలియలేదు. తెలిసినా తులసి చీర కట్టుకున్న మనిషితో ఎట్లా అంటాడు?

కుంచెతో కంటిని పైకి నెట్టాడు. అది నిలిచింది. రేపటికి మళ్లీ దిగుతుంది. రోజూ ఇంతే. సరిదిద్దడం, దిగడం. రోజుల తరబడి ఒక ఆలోచన అతన్ని తొలుస్తోంది: తులసి ఒప్పుకోవడం లేదు. నన్ను మరిచిపోయి ఎవరి ముఖమో నాకు తగిలిస్తావా అని, అతను తలుపు వేసుకుని పోయిన తర్వాత మెల్లగా ఆ ముఖాన్ని దించేస్తోంది. చదువుకున్నవాడు, ఇట్లాంటివి నమ్మడు. నమ్మనివాడు పొద్దున లేచి గొళ్లెం తీసేముందు ఎందుకు దగ్గుతున్నాడు? లోపల ఎవరో ఉన్నట్టు?

"చాలు. పో. మజ్జిగ తాగు" అన్నాడు.

ఒంటిపూట బడి వదిలాక డ్రాయింగు మాస్టరు నతానియేలు గొడుగు ముడుచుకుంటూ వచ్చాడు. హైస్కూలుకు కొత్తగా పోస్టు పడితే పోయిన ఏడే ఈ ఊరు వచ్చినాయన. చెన్నకేశవరావుకు రంగులు పట్టుకోవడం నేర్పింది ఆయనే, అదీ నాలుగు ఆదివారాలు. ఆ తర్వాత, "ఇంక నీ తంటాలు నువ్వు పడు, అయినాక చూస్తా" అన్నాడు.

"ఏమయ్యా, ఆముదాల సావుకారూ! అయిందా నీ బొమ్మ?"

పలక ముందు నిలబడ్డాడు. తల ఒక పక్కకు వంచాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత దగ్గరికొచ్చి మూలన చూపుడువేలు ఆనించి, వేలు చూసుకున్నాడు. వేలంతా రంగు.

"ఇది నిన్న వేసిందా?"

"ఆ మూల మొదటి వారం వేసిందే."

మాస్టరు వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన కనుబొమలు రెండూ పైకి పోయాయి.

"ఏ నూనె కలిపినావు?"

"మేలురకం నూనే మాస్టరూ. ఇంట్లో చేయించింది. తెల్లగా, నీళ్ల మాదిరి ఉంటాది, మడ్డి లేదు. మా కొట్లోదే."

"వంటాముదమా?"

"ఊ."

నతానియేలు మాస్టరు గొడుగు గోడకు ఆనించి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగిందనుకున్న చోట మళ్లీ మొదలైంది. "ఓరి నాయనో! ఆముదం ఆరతాదంటయ్యా? మీ ఇంట్లో ఆముదం పెట్టుకున్న తల ఎన్నాళ్లకు ఆరింది? బండి ఇరుసు ఎప్పుడన్నా ఆరిందా? యర్రగొండపాలెం నుంచి బండ్లకు బండ్లు తోలించుకుని అమ్ముతావు గదా, ఆ మాత్రం తెలవదా?"

"నూనె కలిపి పలచన చెయ్యమన్నారు గదా మీరు."

"అన్నా. అవిసె నూనె అని అనలే. అది ఆరతాది, ఇది ఆరదు. తప్పులో నాకూ పాలుంది. ఈ ఇంట్లో నూనె అంటే ఏది గుర్తొస్తాదో నేను ఆలోచించలేదు. దానికి తోడు పలకొకటి! గుడ్డ అయితే కాస్త పీల్చేది. ఇది అద్దం. నిలబెట్టినావు, జారతాంది. ఇట్లనే వదిలితే దసరాకు ముక్కొచ్చి గడ్డం మీద కూర్చుంటాది."

జారుతోంది.

చెన్నకేశవరావు పలక వైపు చూశాడు. అంతేనా? ఇరవై రోజులుగా గొళ్లెం దగ్గర దగ్గింది, కన్ను దిగిన రోజు అన్నం సయించనిది, పెదవి దిగిన రోజు స్నానం చేసి దేవుడి ముందు నిలబడింది, అంతా వంటాముదానికా? గుండె మీది బరువు దిగాలి. దిగింది కూడా. దిగిన చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది, అది అతను ఎదురు చూడనిది. నిరాశ. తులసి అలిగిందనుకున్నన్నాళ్లూ తులసి ఎక్కడో ఉంది. అలిగే మనిషి ఉన్న మనిషే గదా. ఇప్పుడు ఆ గదిలో నూనె తప్ప ఎవరూ లేరు.

"రేపే మాస్టరూ పూజ."

"రేపు గాదు, నేను రిటైరయినా ఆరదు. తుడిచి మళ్లీ మొదలుపెట్టు. ఒక గుడ్డ పెట్టి లాగితే చిటికెలో పోతాది, అదొక సుఖం ఉండాది ఆముదంతో." మాస్టరు మళ్లీ పలక దగ్గరికి వంగాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "కానీ తుడవబుద్ధి కాదు. నిజం చెప్తాండా. పదేళ్లుగా పిల్లకాయలకు నేర్పుతాండా, ఇట్ల ఒక్కడు పోలిక పట్టలేదు. జారితే జారింది గానీ, మనిషి ఉండాది దీంట్లో."

నాగమణి రెండు చేతులతో మజ్జిగ చెంబు పట్టుకుని గడపలోకి వచ్చింది. మాస్టరు ఆమె వైపు చూశాడు, పలక వైపు చూశాడు, ముఖం విప్పారింది.

"చూడు, చూడు! అచ్చు ఈయమ్మే! కంటి కింద ఆ పుట్టుమచ్చ గూడ వదల్లేదే! అమ్మా, నీ పుణ్యమా అని మీ ఆయనకు చెయ్యొచ్చింది. ఇట్ల కూర్చున్న ఇల్లాలు దొరికితే నేనూ బొమ్మలేసేవాణ్ణి, నా భార్య నిముసం నిలబడదు."

ఆయన మజ్జిగ గడగడా తాగాడు. ఆయనకు తులసి అనే మనిషి ఉండేదని తెలుసో లేదో. తెలిసినా ఆ ముఖం ఎప్పుడూ చూడలేదు. మూతి తుడుచుకుని, గొడుగు తీసుకుని, "అవిసె నూనె కర్నూలు పోయేవాళ్లెవరన్నా ఉంటే తెప్పిస్తాలే" అని చెప్పి ఎండలోకి పోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. నాగమణి చెంబు కిటికీలో పెట్టింది. పలక చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చింది. అతను అడ్డు రాలేదు.

ఆమె చూస్తూ ఉంది. బయట కొట్లో ఎవరో ఆముదాలు జల్లిస్తున్న చప్పుడు. జల్లెడ ఆగింది, మళ్లీ ఆడింది.

"అక్కకు మచ్చ లేదు" అంది.

"చూసి చూసి చెయ్యి అట్ల పోయింది. తీసేస్తా."

"మచ్చ తీస్తే అక్కైతాదా?"

అతను పలక మీది మచ్చ వైపు చూశాడు.

"చెవులు గూడ తగ్గించలేదు" అంది. నవ్వుతోందేమోనని చూశాడు. నవ్వడం లేదు. "ఇన్నాళ్లూ కొంగు ఎట్ల దోపాలి, తల ఎట్ల వంచాలి అని నేను అక్క మాదిరి కూర్చున్నా. మీరు నన్ను వేసుకున్నారు."

"నాగా..."

"రేపు మా అమ్మ దీనికి పసుపు రాస్తాది. చీర పెడతాది. దండ వేస్తాది. పేరంటాలా, నా బిడ్డను చల్లగా చూడు అని మొక్కుతాది. ఎవరికి మొక్కుతాది బావా? నేను బతికుండంగనే నాకు దండేస్తారా?" ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. "నాకింకా నాలుగు నెలలుండాయి. అక్క తొమ్మిదో నెలలో పోయింది. ఆ లోపలే పటం సిద్ధం చేసి పెట్టినట్టుండాది మీరు."

"అట్లాంటి మాట నోట్లోంచి రానీకు!"

"నోట్లోంచి రాకపోతే లోపల ఉండదా? రెండుసార్లు పోయినప్పటి నుంచి రోజూ అదే గదా నాకు." తర్వాత అడిగింది, పరికిణీల కాలంలో పిలిచినట్టు, మీరు అనకుండా. "అక్క ముఖం నీకు గుర్తుందా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. "నుదురు చిన్నది. గడ్డం దగ్గర కొంచెం..."

"గడ్డం దగ్గర సొట్ట. అది మొన్న నేను చెప్పిందే."

అతను పలక చట్రం పట్టుకుని నిలబడ్డాడు. గోడవైపు చూశాడు. గోడ మీద ఏమీ లేదు.

"నాకూ గుర్తు లేదులే" అంది నాగమణి. గొంతు తగ్గింది. "తలుచుకుందామని అద్దంలో చూస్తా. నేనే అడ్డమొస్తా."

ఆ మాటతో అతనికి ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకునేవాడేమో. ఆమె అప్పటికే ఒకడుగు వెనక్కి వేసింది.

"అమ్మకు గుర్తుండాది. కన్నది గదా. చూడంగనే చెప్తాది, ఇది నా తులసి కాదని. అప్పుడేం చెప్పుకుంటావో చెప్పుకో. నేను మాత్రం నోరు తెరవను. అమ్మ ప్రాణమంతా ఈ పటం మీదే పెట్టుకోనుండాది. నా నోటితో ఆమెను చంపలేను."

బయట గుర్రపు గంటల చప్పుడు ఇంటి ముందుకొచ్చి ఆగింది. జట్కా. ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు. బండి ఆలస్యమై సాయంత్రానికి గానీ రాదనుకున్న మనిషి.

"రామలింగన్నా! బాగుండావా? ప్యాసింజరు ఇయ్యాల టైముకొచ్చింది, ఏం విడ్డూరమో! నా పెండ్లినాడు గూడ రాలేదది!" సుబ్బరత్నమ్మ గొంతు కొట్టు దాటి, నడవ దాటి లోపలికి వచ్చేసింది. వెనకే ఆమె. చంకలో చీర మూట, ముఖమంతా బొగ్గు నలుసులు, నుదుట రూపాయంత కుంకుమ. "ఏంది, ఇద్దరూ ఇట్ల నిలబడినారు? అయిందా నాయనా?"

"ఇంకా కాలేదత్తా. ఆరలేదు. రేపు చూద్దువులే, కాళ్లు కడుక్కుని..."

"నా బిడ్డను నేను చూసుకునేదానికి ముహూర్తం పెట్టాల్నా?"

అతన్ని చేత్తో పక్కకు జరిపి పలక ముందుకు వచ్చింది.

చెన్నకేశవరావు అత్త నోటి వైపే చూశాడు. ఇప్పుడు అంటుంది. ఇది నా తులసి కాదు. నాలుగేళ్లకే మరిచిపోయినావా రా, నీ చేతుల్లో పెట్టినానే. అననీ. తిట్టనీ. ఆ తిట్టు కోసమే ఇన్నాళ్లూ ఎదురు చూస్తున్నాడని ఆ క్షణంలో అతనికి తెలిసింది. ఒక్కరైనా ఆ ముఖాన్ని దాచుకుని ఉన్నారని తేలితే, అది లోకంలో ఎక్కడో ఒకచోట ఉన్నట్టే. తన దగ్గర లేకపోయినా సరే.

సుబ్బరత్నమ్మ మూట చంకలోంచి జారి కింద పడింది.

"తులసీ" అంది. "వచ్చినావా తల్లీ!"

నాగమణి ఊపిరి తీసిన చప్పుడు అతనికి వినబడింది.

"అదే చూపు. అదే చూపు నాయనా. ఎంత చిక్కిపోయింది చూడు, కన్నెట్ల దిగిందో! మన మీద బెంగ." ముక్కు చీదుకుంది. ఇంకా దగ్గరికి వంగింది. కంటి కిందికి వేలు చూపించింది. "ఇదేంది, దిష్టిచుక్క పెట్టినావా? మంచి పని చేసినావు. నా బిడ్డకు దిష్టి ఎక్కువ."

అంతే. అయిపోయింది. ఇంత సులువుగా. కన్నతల్లి ఒప్పుకుంది, ఇంకెవరు కాదంటారు? రేపు పూజ జరుగుతుంది. మాస్టరు చెప్పిన నూనె ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆరే రంగుతో ఇదే ముఖాన్ని తీరిగ్గా మళ్లీ వేసి గోడకు బిగించవచ్చు. తాను మరిచిపోయాడని లోకానికి తెలియదు. అతను జీవితంలో చేసిన ఒకే ఒక్క మంచి పని ఆ పలక మీద ఉంది, దాన్ని తుడవనక్కర్లేదు. ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరకే నిలబడితే చాలు. ఊరకే నిలబడడం అతనికి బాగా వచ్చిన విద్య. తులసి పోయినప్పుడు ఊరకే నిలబడ్డాడు. నాగమణిని పీటల మీద కూర్చోబెట్టినప్పుడూ ఊరకే నిలబడ్డాడు.

"ఇంక నీకేం భయం లేదే నాగా" అంటోంది సుబ్బరత్నమ్మ, వెనక్కి తిరగకుండానే. "అక్క అలక తీరింది. రేపు చీర పెడదాం. పండంటి బిడ్డను ఎత్తుకుంటావు, చూడు."

నాగమణి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. అన్న మాట ప్రకారం నోరు తెరవలేదు. అమ్మ వైపు చూడలేదు, పలక వైపు చూడలేదు. అతన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేవాడు. కోపం లేదు. కూర్చోమన్న చోట ఇరవై రోజులు కూర్చున్న చూపే అది.

"రేపటి దాకా నేనాగలేను. ఒక్క బొట్టు పెట్టుకుంటా." సుబ్బరత్నమ్మ కొంగు ముడి విప్పింది. ముడిలో ఆకు పొట్లం, పొట్లంలో కుంకుమ. ఉంగరపు వేలు అద్దింది. "ముత్తయిదువ, బోసినుదురుతో ఎట్లుంటాది?"

వేలు పలక వైపు పోయింది.

అప్పుడు అతను చూశాడు. గుమ్మం దగ్గర నాగమణి కళ్లు మూసుకుంది. ఎవరో ఎదురుగా నిలబడి తన నుదుట బొట్టు పెట్టబోతుంటే మూసుకున్నట్టు, తల కొంచెం వంచి, కళ్లు మూసుకుంది.

చెన్నకేశవరావు చెయ్యి ముందుకు పోయింది. ఆ వేలి కంటే ముందు పోయింది. అరచెయ్యి మొత్తం ఆ ముఖం మీద ఆనింది. మెత్తగా, ఎండకు వెచ్చబడి, నుదురూ కళ్లూ పెదవీ అతని చేతి కింద కదిలాయి. అత్త వేలు వచ్చి అతని చేతి వెనక తగిలి ఆగింది, కుంకుమతో.

"ఏంది నాయనా ఇది?" అంది సుబ్బరత్నమ్మ. "చెయ్యి తియ్యి. బిడ్డ ముఖం మీద చెయ్యి తియ్యి."

అతను చెయ్యి తియ్యలేదు. మెల్లగా, గట్టిగా నొక్కి, కిందికి లాగాడు.